పెరూ సాబ్ కాగితానికి పసుపు

మా మరిది భూషణం పేరెత్తితే కిరందుల్ బజారులో ముందు ఒక నవ్వు వస్తుంది, తర్వాత మాట వస్తుంది. ఆ నవ్వు వినపడితే నేను కూరల సంచీ చంకలో ఇరికించుకుని, తల వంచుకుని నడిచేస్తాను. ఎవర్నైనా నిలబెట్టి నాలుగు దులిపే నోరు నాది. టికెట్ బాబుల్ని దులిపాను, రేషను షాపువాణ్ణి దులిపాను. ఆ ఒక్క నవ్వుని మాత్రం దులపలేను. వాళ్ళు నవ్వేది నిజం కాబట్టి.

భూషణం చెడ్డవాడు కాడు. ఆ సంగతి ముందు చెప్పాలి. మా ఆయన ఎర్రన్న ఈ కిరందుల్ రైలు లైనులో గ్యాంగ్‌మన్. కొండ మీద తవ్విన, ఇనుము తీసే ఎర్రరాయిని విశాఖపట్నం రేవుకి మోసుకుపోయే బండ్లు కదా, వాటి కింద పట్టాలు సరిచేసే పని. విజయనగరం పక్క మా ఊళ్ళో తమ్ముడు పదో తరగతి లెక్కల్లో తప్పి గోళీలాడుతున్నాడని తెలిసి ఇక్కడికి లాక్కొచ్చాడు. గునపం పట్టిస్తే అరచేతులు బొబ్బలెక్కి రెండు పూటలు నేనే అన్నం కలిపి పెట్టాల్సి వచ్చింది. ఆ మెత్తని చేతులకు తగిన పని ఏదంటే టైపు అన్నారు. జగదల్‌పూర్ పంపి హిందీ టైపు నేర్పించాం.

నేర్చుకుని దంతెవాడలో ఆఫీసుల బయట టార్పాలిన్ కింద మిషన్ పెట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. పట్టా దరఖాస్తులు, రేషను కార్డు అర్జీలు, తప్పిపోయిన ఎద్దు గురించి ఠాణాకి ఫిర్యాదులు. గోండులతో గోండి, బజారు వాళ్ళతో హల్బీ, భోపాల్‌పట్నం నుంచి వచ్చిన తెలుగు రైతులతో వాళ్ళ ‘ఏంది’కి వీడి ‘ఏటి’ కలిపి మాట్లాడి, అందరి గోడూ హిందీలోకి దించేవాడు. ఏడుస్తూ చెప్పినా, తిట్టుకుంటూ చెప్పినా కాగితం మీద ఒకటే పడేది, ‘మహోదయ్, సవినయ నివేదన్ హై కి’ అని, అయ్యా సవినయంగా మనవి అని. రోజూ అదే పని కావడంతో వాడికి ఒక గర్వం పట్టింది.

“కాగితం సదవక్కర్లేదొదినా. దూరం నుంచి దాని వాలకం సూస్తే సాలు. అర్జీయా, నోటీసా, పెళ్లికార్డా సెప్పీగలను,” అనేవాడు.

ఇంకో జబ్బు కూడా ఉంది. ‘నాకు తెలీదు’ అనే మాట వాడి నోట్లోంచి ఊడిపడదు. ఏది అడిగినా ‘అయిపోద్ది’ అంటాడు. పంకా బాగుచేస్తావా అంటే అయిపోద్ది. ఆ పంకా మళ్ళీ తిరగలేదు. పక్క క్వార్టర్ వాళ్ళ పిల్లకి ఒరియా చెబుతావా అంటే అయిపోద్ది. వాడికి ఒరియాలో అన్నం అనడం కూడా రాదు.

వాడి పెళ్ళాం తాతమ్మ నెమ్మదైన మనిషి. “నోటి కాడికి వొచ్చిన మాట ఒకసారి మింగి సూడు బావా, అరిగిపోద్ది,” అనేది. వాడు వినేవాడు కాదు.

ఎర్రరాయికి గిరాకీ పెరిగి, కిరందుల్ బజారులో నిలబడటానికి చోటులేని రోజులవి. కొత్త మిషన్లు, కొత్త కాంట్రాక్టర్లు, ఎక్కడెక్కడి మనుషులో. టైపు మిషన్ కాలం అయిపోయిందని, దంతెవాడ టార్పాలిన్ కింది చోటు వదిలేసి కిరందుల్ బజారులో భూషణం కంప్యూటర్ షాపు పెట్టాడు. టైపింగు, ఫోటోస్టాట్, పెళ్ళికార్డులు. సఫారీ సూటు కుట్టించుకుని కొబ్బరికాయ కొట్టాడు. వచ్చినవాళ్ళందరూ కాయ తిని వెళ్ళారు గానీ ఒక్కడూ కాగితం తేలేదు. వారం గడిచినా బోణీ కాలేదు. ఎదురుగా జిలేబీ కొట్టువాడు రోజూ అడిగేవాడు, “క్యా భూషణ్ బాబూ, మెషీన్ సో రహా హై క్యా?” అని. మిషన్ నిద్రపోతోందా అని. వాడు నవ్వేవాడు గానీ ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేసేవాడు. షాపు నిలబడకపోతే మళ్ళీ దంతెవాడ టార్పాలిన్ కిందికి పోవాలి. ఆ చోట ఇంకెవడో అప్పటికే కూర్చున్నాడు.

అలాంటప్పుడు ఒక శుక్రవారం ఆ పెరూ సాబ్ వచ్చాడు.

గని దగ్గర రాయి పిండిచేసే కొత్త మిషన్ బిగించడానికి పెరూ దేశం నుంచి వచ్చిన ఫిట్టర్ అతను. పేరు రమోన్ ఇబాన్యెస్. ఇప్పుడు పలకగలుగుతున్నాను గానీ అప్పుడు మాకందరికీ పెరూ సాబే. అతనికి హిందీ రాదు, ఇంగ్లీషు మా భూషణం అంతే వచ్చు. మాట మార్చి చెప్పే మనిషి విశాఖపట్నం వెళ్ళి ఉన్నాడు. నేను అన్నం క్యారేజీ తీసుకొచ్చి షాపులో బల్ల మీద కూర్చుని ఉన్నాను. మెట్టు మీద చింతపండు అమ్ముకునే గోండు మనిషి బుధ్రి జరిగి దారి ఇచ్చింది.

అతని చేతిలో చేత్తో రాసిన కాగితం ఒకటి. అది ఏమిటో ఇప్పుడే చెప్పేస్తాను, దాచి ప్రయోజనం లేదు. అతని నాన్న చనిపోయి నెల కావస్తోంది. ఇంటికి వెళ్ళలేకపోయాడు. మన రైల్వే కాలనీ చర్చిలో ఆదివారం పొద్దున నాన్న కోసం ప్రార్థన పెట్టించుకున్నాడు. వాళ్ళ దేశంలో ఆ ప్రార్థనకి వచ్చినవాళ్ళకి పోయినవాడి పేరున్న కాగితం పంచుతారట. పంచగా ఒకటి తల్లికి పోస్టులో పంపాలి, ఇక్కడ కూడా మొక్కామమ్మా అని చూపించడానికి. అది ఆ కాగితం. మాకు అప్పుడు తెలీదు.

మేం చూసిందేమిటంటే, పైన సిలువ బొమ్మ. దాని కింద పెద్ద అక్షరాల్లో మగవాడి పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఆడమనిషి పేరు. తర్వాత తారీఖు, టైము, చర్చి. మా కాలనీలో క్రైస్తవుల పెళ్ళికార్డులు ఎన్ని చూడలేదు? అచ్చం అదే వాలకం.

భూషణం దాన్ని ఒక్క చూపు చూసి నాకేసి తిరిగాడు. “పెళ్లికార్డొదినా. ఆ సొక్కా జేబు మీద పేరు సూడు, ఇంటిపేరు ఇతందే. తమ్ముడి పెళ్లి.”

“అతన్ని అడిగీరాదా?”

“అడగడమేటి, కనిపిస్తంటే?”

ముందు అతనే కుర్చీలో కూర్చుని కొట్టబోయాడు. పాపం, ఎల్ అక్షరం పక్కన ఉన్న బటన్‌ని మళ్ళీ మళ్ళీ నొక్కాడు. వాళ్ళ దేశం కీబోర్డులో అక్కడ వాళ్ళ అక్షరం ఒకటి ఉంటుందట, నెత్తిన మెలికతో. ఇక్కడ నొక్కితే చుక్కా కామా పడ్డాయి. అతను చేయి వెనక్కి తీసుకుని, పెన్నుతో కాగితం మీద ఆ మెలికని మళ్ళీ గట్టిగా దిద్దాడు. ఇంకో అక్షరం మీద వాలుగా గీత, దాన్నీ దిద్దాడు. ఈ గీతలు లేకుండా వద్దని తల ఊపాడు.

“ప్రింటు తీసి పెన్నుతో గీసీరా, పోద్ది,” అన్నాను నేను.

భూషణం పెన్ను గాల్లో ఆడించి చూపించాడు. అతను పేరు మీద అరచేయి కప్పాడు. అరచేయి తీసి గుండె మీద పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అయిపోద్ది సార్. నో ప్రాబ్లెం. టుమారో ఈవెనింగ్,” అన్నాడు మావాడు.

అతను వెళ్ళాక బుధ్రి మెట్టు మీంచి తల తిప్పింది. “యే ఆద్మీ రోతా హై బాబూ. షాదీ వాలా ఐసా నహీ రోతా.” పెళ్ళివాళ్ళు ఇలా ఏడవరని.

“ఆనందం బుధ్రీ, ఆనందం. ఇంటికి దూరంగా ఉన్నాడు గదా,” అని భూషణం హిందీలో సర్దిచెప్పాడు. ఆమె నోరు చప్పరించి చింతపండు మీద ఈగలు తోలుకుంది. చదువులేని ఆమె మనిషి ముఖం చూసింది, మేం కాగితం వాలకం చూశాం. నాకు ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇక గీతల గొడవ. మామూలు అక్షరాలన్నీ పది నిమిషాల్లో పడ్డాయి. ఆ మెలికలూ వాలు గీతలూ ఎక్కడా లేవు. కీబోర్డు తిరగేసి దులిపాడు. ఎర్రధూళి రాలింది గానీ గీత రాలలేదు. సాయంత్రం దాకా అలా కూర్చుని, చివరికి తొడ చరుచుకున్నాడు.

“ఓలమ్మ! హిందీ లెక్కే గదా ఇది!”

వాడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. హిందీ కొట్టేటప్పుడు కొన్ని జంట అక్షరాలకి కీబోర్డులో చోటు ఉండదు. ఎడమ చేత్తో ఆల్ట్ అనే బటన్ నొక్కి పట్టుకుని, కుడి పక్క అంకెల గడిలో నాలుగు అంకెలు కొట్టి వదిలితే ఆ అక్షరం పడుతుంది. టైపు వాళ్ళు ఆ అంకెలు ఎక్కాల్లాగా నోటికి నేర్చుకుంటారు. అవే అంకెలు, అక్షరాల రకం హిందీ నుంచి ఇంగ్లీషుకి మార్చి కొడితే? కొట్టాడు. ఏమీ పడలేదు. తెర మీద మిణుకుమనే గీత ఎగిరి పై వరుసకి పోయింది. మళ్ళీ కొట్టాడు, కింది వరుసకి దూకింది. అంకెల గడి మీద ఉండే చిన్న పచ్చదీపం వెలగలేదని తాతమ్మ చూపించింది. దాన్ని వెలిగించేసరికి కరెంటు పోయింది.

శనివారం పొద్దున్నే కొట్టాడు. సున్నా, రెండు, నాలుగు, ఒకటి. వేలు వదిలేసరికి ఎన్ అక్షరం నెత్తిన మెలిక తిరిగి కూర్చుంది. సున్నా, రెండు, రెండు, అయిదు. ఏ మీద వాలు గీత పడింది. వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“తాతమ్మా! రా, సూడు! పెరూ దేశం మన షాపులోకి వొచ్చీసింది!”

ఎదురు జిలేబీ కొట్టువాణ్ణి పిలిచాడు, సైకిల్ రిపేరు వాణ్ణి పిలిచాడు. అందరి ముందూ మళ్ళీ మళ్ళీ కొట్టి చూపించాడు. అంకెలు పైకి చదువుతూ, మెలిక పడినప్పుడల్లా ఆట గెలిచినట్టు చేయి పైకెత్తుతూ. ఆ పేరుని అలా ఆటలో పెట్టాడు. జిలేబీ కొట్టువాడు చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.

తర్వాత అడగని పని మొదలుపెట్టాడు. పెళ్ళికార్డుల బొమ్మలున్న సీడీ పెట్టాడు. పేర్ల పైన ముడిపడిన రెండు ఉంగరాలు అతికించాడు. రెండు పక్కలా పావురాలు. సిలువకి చుట్టూ పూల తీగ.

“ఇది మన తరపు కానుక. డబ్బు అడగొద్దు,” అన్నాడు తాతమ్మతో.

కట్ట ప్రింటు తీశాడు. షాపులో మొదటి పని, అందులో పెళ్ళి. తాతమ్మ ఇంటికి పరిగెత్తి పసుపు తెచ్చింది. మా వైపు పెళ్ళి శుభలేఖకి నాలుగు మూలలా పసుపు పెట్టకుండా ఎవరి చేతికీ ఇవ్వరు. చావు కబురు కాగితం సంగతి వేరు. చదివిన వెంటనే చించేస్తారు, గడప లోపల ఉంచరు, దానికి పసుపు తాకించడమంటే ఎంత పాపమో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ పసుపు తాతమ్మ కలిపింది. నేనూ పక్కన కూర్చుని పెట్టాను. ఒక్కో కాగితానికీ నాలుగు మూలలు. పెడుతూ పెడుతూ మా అమ్మాయి పెళ్ళి ముచ్చట్లు చెప్పుకున్నాం.

ఒక కాగితం షాపు ముందు తాడుకి క్లిప్పు పెట్టి వేలాడదీశాడు. పక్కన తనే రాసిన బోర్డు, ‘ఇక్కడ విదేశీ భాషలో పెళ్ళికార్డులు కూడా టైపు చేయబడును’ అని. బజారులో ఆ మధ్యాహ్నం ఒకటే ముచ్చట. దంతెవాడ బస్సు దిగినవాళ్ళు కూడా ఆగి చూశారు. పెరూ సాబ్ తమ్ముడి పెళ్ళట. పెళ్ళికూతురి పేరు రోసా అట. జిలేబీ కొట్టువాడు పళ్ళెం నిండా జిలేబీ కట్టించి పెట్టాడు.

అతను అయిదు గంటలప్పుడు వచ్చాడు. గని దగ్గరే స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. అడుగు పెట్టగానే జిలేబీ కొట్టువాడు ఎదురెళ్ళి శుభాకాంక్షలంటూ చేయి పట్టుకుని ఊపాడు. “బధాయీ హో సాబ్! బధాయీ!” సైకిల్ వాడు జిలేబీ ముక్క తుంచి అతని నోట్లో పెట్టబోయాడు. అతను మొహమాటంగా నవ్వి, ముక్క చేత్తో తీసుకున్నాడు. మాకు ఏదో పండగ అనుకున్నట్టున్నాడు.

అప్పుడు తాడుకి వేలాడుతున్న కాగితం చూశాడు.

దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఉంగరాల మీద వేలు పెట్టాడు. పావురాల మీద పెట్టాడు. మూలన పసుపు ముట్టుకుని, వేలు వాసన చూసుకున్నాడు. క్లిప్పు తీసి కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఆ పసుపు తుడవడం మొదలుపెట్టాడు. పసుపు పోదు కదా. అది పాకి పేరు మీదికి వచ్చింది.

“వెరీ గుడ్ సార్? కలర్ నేచురల్ సార్,” అన్నాడు భూషణం.

అతను ప్యాంటు జేబులోంచి పర్సు తీశాడు. అందులోంచి ఫోటో. ముసలాయన, పక్కన కుర్చీలో ముసలావిడ. ముసలాయన మీద వేలు పెట్టి, కాగితం మీద పెద్ద అక్షరాల పేరు చూపించాడు. తర్వాత రెండు చేతులూ జోడించి చెంప కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల పక్కకి వాల్చాడు. కళ్ళు తెరిచి వేలితో పైకి చూపించాడు. ముసలావిడ మీద వేలు పెట్టి, కింది పేరు చూపించాడు. మళ్ళీ తన గుండె మీద కొట్టుకున్నాడు, నేను ఈమె కొడుకుని అన్నట్టు.

ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. జిలేబీ కొట్టువాడి చేతిలో పళ్ళెం అలాగే ఉంది. తాతమ్మ పసుపు చేతులు వెనక్కి దాచుకుంది. పోయిన తండ్రిని పెళ్ళికొడుకుని చేశాం. విధవరాలైన తల్లిని పెళ్ళికూతుర్ని చేసి, తాడుకి కట్టి బజారులో వేలాడదీశాం.

అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. జిలేబీ ముక్కని బల్ల అంచు మీద పెట్టాడు. చేత్తో రాసిన తన కాగితం వెతికి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కట్టని ముట్టుకోలేదు. బుధ్రి ఒక్కతే లేచి నిలబడి అతనికి దారి ఇచ్చింది.

భూషణం షట్టరు దించేసి లోపలే ఉండిపోయాడు. బయట అప్పుడే ఎవడో మొదటి నవ్వు నవ్వాడు.

నేను వెనక తలుపు తోసుకుని వెళ్ళాను. నేల మీద గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాడు, సఫారీ సూటుతోనే.

“లెగు,” అన్నాను.

“నన్ను ఒగ్గీ వదినా.”

“ఒగ్గీడానికి నువ్వేటి పసిగుంటడివా? రేపు పొద్దున్న ఆ మనిషి ఉట్టి సేతుల్తో గుడికి ఎల్లాలా? వాలమ్మకి ఏటి పంపుతాడు, నీ పావురాలా?”

“ఆ ముకం నాను ఎలగ సూడగలను?”

“సూడొద్దు. సిగ్గుపడు. పడ్డంత సేపు పడు, ఎవలొద్దన్నారు? కానీ కూకుని పడు, ఆ కుర్సీలో!”

 తర్వాత గోడతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. “ఒక్కమాట అడిగుంటే పోయేది గదొదినా. ‘ఏటి సార్ ఇది’ అని. నాకు తెలీదంటే షాపు పరువు పోద్దనుకున్నాను.”

 అడగమని ఒకసారి అని, తర్వాత పసుపు పెట్టినదాన్ని నేనూ.

కట్టని ఏం చేయాలో ఇంకో తగువు. చించేద్దామంది తాతమ్మ, చావు కాగితాలు కదా అని. “పేరు సించీలేను,” అన్నాడు వాడు. పొయ్యిలో పెట్టలేం. చివరికి తాతమ్మా నేనూ కొంగు కింద పెట్టుకుని, గని నీళ్ళకి ఎర్రగా పారే వాగు దాకా వెళ్ళి, ఒక్కొక్కటీ నీళ్ళ మీద వదిలాం. ఆ పసుపు మూలలు ఎర్రనీళ్ళలో తేలుతూ పోయాయి. దారిన పోయేవాళ్ళు ఏమిటమ్మా అని అడిగితే ముఖం తిప్పుకున్నాం.

తెల్లవారక ముందే భూషణం చన్నీళ్ళు పోసుకుని తడి తలతో షాపుకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. కంప్యూటర్లో పాత కాగితం ఉంది కదా, ఉంగరాలూ పావురాలూ తీసేస్తే చాలు కదా అన్నాను.

“వద్దు. అది ఆడుకుంటా కొట్టినాను.”

కొత్త పేజీ తెరిచాడు. తెర మీద పక్కనే పాత కాగితం తెరిచి పెట్టుకుని, చూస్తూ ఒక్కో అక్షరం కొట్టాడు. గీత వచ్చిన చోట ఆగి, పచ్చదీపం చూసుకుని, ఎడమ చేత్తో బటన్ నొక్కి పట్టి, కుడిచేత్తో అంకెలు. పైకి చదవలేదు. లోలోపల గొణుక్కోనూ లేదు. మెలిక సరిగ్గా పడిందో లేదో ముక్కు తెరకి ఆనించి చూసుకున్నాడు. పావురం లేదు, తీగ లేదు. ఒక్క సిలువ. ప్రింటు తీసి, చేతులు మళ్ళీ కడుక్కుని, తెల్లకాగితంలో చుట్టాడు.

చర్చి దగ్గర చెప్పుల పక్కన నిలబడిపోయాడు. మా కాలనీలో ఇంజను డ్రైవరు, సంఘపెద్ద అప్పలకొండ బయటికి వచ్చాడు. సంగతి అప్పటికే ఆయన దాకా వెళ్ళింది.

“లోనికి రా భూషణం.”

“వద్దు బావూ. ఇది ఇచ్చీండి సాలు.”

“నాను ఇవ్వను. తప్పు నువ్వు సేసినావు, నువ్వే ఇయ్యి,” అని ఆయన లోపలికి పోయి పెరూ సాబ్‌ని పంపాడు.

అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. భూషణం రెండు చేతులతో కట్ట పట్టుకున్నాడు. వాడికి గోండి వచ్చు, హల్బీ వచ్చు, హిందీ వచ్చు, తెలుగు వచ్చు. అవేవీ ఎత్తకుండా కట్ట ముందుకి చాపాడు. అతను పై కాగితం తీసి చూశాడు. వేలితో మెలిక తడిమాడు. ఒక్కో వాలు గీతా తడిమాడు. అన్నీ ఉన్నాయి. మూలలు చూశాడు, నాలుగూ తెల్లగా ఉన్నాయి.

తర్వాత ఆ పేరు మీద వేలు ఉంచి, భూషణం వైపు చూస్తూ నెమ్మదిగా పలికాడు. “మార్తీన్ ఇబాన్యెస్.”

పలికి ఆగాడు. వేలు తీయలేదు. మావాడికి అర్థమైంది. ఎన్నిసార్లో కొట్టిన పేరది, ఒక్కసారీ నోటితో అనలేదు.

“మార్టిన్...” అన్నాడు భూషణం. 

“మార్తీన్,” అన్నాడు అతను.

“మార్తీన్ ఇబాన్యెస్,” అన్నాడు భూషణం. అని తల దించుకున్నాడు.

అతను ఒకసారి తల ఊపి, కట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. భుజం తట్టలేదు, నవ్వలేదు. మన్నించాడో లేదో ఈనాటికీ తెలీదు. ప్రార్థన అయ్యేదాకా భూషణం బయట చెప్పుల దగ్గరే నిలబడ్డాడు. అయ్యాక ఎవరి కంటా పడకుండా పట్టాల మీదుగా ఇంటికి వచ్చేశాడు. నెల తిరక్కుండా పెరూ సాబ్ పని ముగించుకుని విశాఖపట్నం బండెక్కాడు. స్టేషనుకి వెళ్ళమని తాతమ్మ ఎంత చెప్పినా వీడు వెళ్ళలేదు.

షాపు నిలబడింది. జనానికి కాగితాలు కావాలి, వేరే దిక్కులేదు. కానీ బజారు మర్చిపోలేదు. “క్యా భూషణ్ బాబూ, ఆజ్ కిస్కీ షాదీ?” అని, ఇవాళ ఎవరి పెళ్ళి అని, ఇప్పటికీ జిలేబీ కొట్టువాడి కొడుకు కూడా అడుగుతాడు. వీడు తలెత్తడు.

ఆ తర్వాత వీడికి పట్టిన అలవాటే షాపుకి సగం బేరం పోగొట్టింది. ఎవరు కాగితం తెచ్చినా చేతిలోకి తీసుకునే ముందు లేచి నిలబడి అడుగుతాడు, “మంచికా, సెడ్డకా?” అని. కళ్ళెదురుగా కొబ్బరికాయా తమలపాకులూ పట్టుకుని వచ్చిన పెళ్ళికూతురి తండ్రిని కూడా అలాగే అడుగుతాడు. మంచి రోజున నోట ఆ రెండో మాట ఏమిటని తిట్టిపోసి దంతెవాడ పోయి అచ్చు వేయించుకున్నవాళ్ళు ఎందరో. మానుకోమని మా ఆయన చెప్పాడు, తాతమ్మ ఏడ్చింది. మానలేదు.

మొన్న మా మనవరాలికి సంబంధం కుదిరితే కార్డు రాయించడానికి నేనే వెళ్ళాను. సొంత వదినని, ఇంట్లో పెళ్ళని వాడికి తెలుసు. అయినా లేచాడు. కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“మంచికా వదినా, సెడ్డకా?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. షాపులో నలుగురు చూస్తున్నారు. వాడు మాత్రం నా ముఖం వైపే చూస్తున్నాడు.

“మంచికే బాబూ,” అన్నాను. “కూకో. పేర్లు సెబుతాను, కొట్టు.”